బుగ్గలో రాయి

మా వైపు వచ్చే మబ్బులకు బళ్ళారి దాకానే టికెట్టు ఉంటుందని నేను చెబుతుంటాను. పడమటి నుంచి ఊగుతూ వస్తాయి, బళ్ళారిలో కండక్టరు దింపేస్తాడు. ఎప్పుడైనా ఒకటి అరా కునుకు తీసి దిగడం మరిచిపోతే వజ్రకరూరు దాకా వచ్చేస్తుంది. లేచి చూసుకొని, ఊరు తప్పానని ఏడుస్తుంది. దాన్నే మేము వాన అంటాం.

నేను వజ్రకరూరు పక్క పల్లెలో రవికలు కుడతాను. ముప్పై ఏళ్లుగా చేతులు గుడ్డ మీద, నోరు గాలి మీద. నా మెషిన్ ముందు కూర్చునే ఆడవాళ్లలో సగం మంది కుట్టించుకోవడానికి వస్తే, సగం మంది వినడానికి వస్తారు. కోడి వజ్రం మింగిన కథ నాదే. ఒకాయన కోడి వజ్రాన్ని మింగిందట. ఏ కోడి మింగిందో తెలియక పన్నెండు కోళ్లనూ కోశాడట. ఆ రాయి కాస్తా కందనకాయలో ఉండిపోయి, కందనకాయ పండక్కొచ్చిన అల్లుడి విస్తట్లో పడింది. అత్తగారింటివాళ్లు మూడు రోజులపాటు ఆ అల్లుడిని చెంబు పట్టుకొని ఒంటరిగా బయటికి పోనివ్వలేదు. ఇది మా మండలంలో నిజంగా జరిగిందని ఇప్పుడు నాకే చెబుతున్నారు. అల్లుడు తమకు చుట్టమని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.

వజ్రాల సంగతి మాత్రం అబద్ధం కాదు. తొలకరికి ఎర్రమట్టి కడుక్కుపోయి రాళ్లు పైకి తేలుతాయి. ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో తల వంచుకొని తిరుగుతారు. మా వీధి ఆడవాళ్లం కూడా సద్దిమూట కట్టుకొని పోయేవాళ్లం. వరసగా గొంతుక్కూర్చొని, కూర్చున్నచోటే జరుగుతూ, వేళ్లతో మట్టి కెలుకుతూ వెతికేవాళ్లం. పలుగురాళ్లు దొరికేవి, గాజుపెంకులు దొరికేవి. ఒకసారి నాకు ఎవరిదో పెట్టుడు పన్ను దొరికింది. పన్ను దొరికిన మాట నిజం. వ్యాపారి దాన్ని భూతద్దం పెట్టి గంటసేపు చూశాడన్నది నేను చేర్చుకున్నది.

రాయి దొరికినవాళ్లు మా దగ్గర కేక వేయరు. కేక వేస్తే చేను ఆసామి వస్తాడు, పక్కవాడు వస్తాడు, వాడి బావమరిది వస్తాడు. అందుకని రాయిని నోట్లో వేసుకొని, బుగ్గన పెట్టుకొని, ఏమీ ఎరగనట్టు ఇంకో గంట వెతుకుతారు. నోట్లో రాయి ఉంటే మాట రాదు కదా. ఆ లెక్కన మా ఊళ్లో ఎవరు ఉన్నట్టుండి మౌనం పట్టినా "బుగ్గలో రాయి పెట్టుకున్నావా?" అని అడగడం అలవాటైపోయింది. కొత్త కోడలు పలక్కపోయినా అదే మాట, ముసలాయన అలిగి అన్నం ముందు మూతి బిగించినా అదే మాట. రాయి అమ్ముకున్న ఇంటివాళ్లు కొన్నాళ్లు ఊరిడిచి పోవడం కూడా మామూలే. అందుకే మా ఊరి నుంచి ఎవరైనా హఠాత్తుగా మాయమైతే మావాళ్లకు ముందు దిగులు పుట్టదు. అసూయ పుడుతుంది.

మా వీధి చివరి ఇంటామె నాకు చుట్టం కాదు. ఆమె నన్ను వదినా అనేది, నేను ఆమెను వదినా అనేదాన్ని. ఎవరు ఎవరికి ఆడబిడ్డో ఎన్నడూ తేల్చుకోలేదు. నా దుకాణంలో, బీరువా పక్క మూలలో కూర్చొని బొత్తాలకు కాజాలు కుట్టిపెట్టేది. ఆమె నవ్వు ఆలస్యంగా వచ్చేది. నా కథ అయిపోయి, అందరూ నవ్వడం అయిపోయి, నేను ఇంకో గుడ్డ చేతికి తీసుకున్నాక ఆ మూల నుంచి కిసుక్కుమనేది. అప్పుడు ఆమె నవ్వుకు అందరం ఇంకోసారి నవ్వేవాళ్లం. కథకు రెండు పంటలన్నమాట. అట్లాంటి నేల మా జిల్లాలో ఇంకెక్కడా లేదు.

ఆమె భర్త ట్రాక్టరు తోలేవాడు. తాగని రోజు మర్యాదస్తుడు. రవిక గుడ్డ తనే తెచ్చి, చేతులు పొడవు పెట్టమని చెప్పి పోయేవాడు. పొడవు చేతులు ఎందుకో నాకు తెలుసు. వీధికంతా తెలుసు. అందరికీ తెలిసిన సంగతిని మా వీధిలో ఎవరూ మాట్లాడరు.

పన్నెండేళ్ల కింద, రెండో వాన పడిన మర్నాడు చేలోకి పోయాం. వదిన కాక, నాతో కలిపి ఎనిమిది మందిమి. వదిన ఆలస్యంగా వచ్చింది. కొంగు చెంప మీదికి లాక్కొని వరస చివర కూర్చుంది. ఎవరు పలకరించినా తల ఊపిందే తప్ప నోరు విప్పలేదు. గాలికి కొంగు జారింది. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ అటే చూడసాగారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ చూపులకు ఆమె మట్టిలోకి ఇంకిపోయేట్టు వంగిపోయింది.

అది రాయి కాదని నాకు చూడగానే తెలిసింది. ఆ చూపుల నుంచి ఆమెను తప్పించాలనిపించింది. నా దగ్గర ఉండేది నోరు ఒక్కటే.

"ఏమ్మే, అందరూ ఇంగ ఇండ్లకు పోండి," అన్నాను. "యాడ ఎతికినా మీకు దొరకదు. మా వదిన అప్పుడే బుగ్గలో పెట్టుకోనుండాది."

అందరూ పకపకా నవ్వారు. చూపులు చెదిరిపోయాయి. కాసేపటికి, ఎప్పటిలాగే ఆలస్యంగా, వదిన కూడా నవ్వబోయింది. పెదవి ఒక పక్కకే కదిలింది. పక్కకు జరిగి వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. నేను చాలా తెలివైనదాన్నని ఆ రోజంతా అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆకుపచ్చ గుడ్డ తీసుకొని దుకాణానికి వచ్చింది. దాంతోపాటు ఆది రవిక తెచ్చింది. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత రవికను ఆదిగా ఇస్తే, దాని కొలత చూసి కొత్తది కుడతాం. ఆమెకు అట్లా కుదిరింది ఒకటే ఉండేది. పసుపుపచ్చది. చంకల కింద రెండుసార్లు నేనే పట్టీ వేశాను.

"సోమారానికి గావాల వదినా. పాప బడిలో మీటింగుండాది, నన్ను గూడ రమ్మన్యారు," అంది, దవడ కదపకుండా. గడప దాటి మళ్లీ తిరిగింది. "ఆది రవిక జాగర్త. నాకుండేది అదొకటే."

సోమవారం నేను ఆకుపచ్చ రవిక ఇస్త్రీ చేసి పెట్టాను. ఆమె రాలేదు. మంగళవారం ఆ ఇంటికి తాళం ఉంది. బుధవారం ఆమె భర్త వీధి మధ్యలో నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒకటే సమాధానం చెప్పాడు.

"సేన్లో మీరే సూసినారంట గదా, బుగ్గలో రాయి. ఎత్తుకోని ఎల్లిపోయింది. నన్నడిగితే నేనేం జెప్పేది?"

నా మాట. ఆడవాళ్ల నోట పడి, ఇండ్లు తిరిగి, ఆయన నోట్లోకి చేరింది. ఏడుగురు ఆడవాళ్లు ఆ బుగ్గను చూశారు. ఏడుగురూ వజ్రానికి సాక్ష్యం చెప్పారు. వజ్రం దొరికి పోయినామె గురించి ఫిర్యాదు ఎవరిస్తారు? ఎనిమిదేళ్ల కూతుర్ని అమ్మమ్మ వచ్చి బెళుగుప్పకు తీసుకుపోయింది. ఏడాది తిరక్కుండా ఆయన కూడా ఇల్లు ఖాళీ చేశాడు.

నేనేం చేశానంటే, మొదటి నెల భయపడ్డాను. ఆయన నా దుకాణం ముందు నుంచి ట్రాక్టరు పోనిచ్చినప్పుడల్లా తల వంచుకొని సూది చూసుకునేదాన్ని. తర్వాత జనం నన్ను అడగసాగారు. చూసింది నువ్వే కదా, చెప్పు, అని. ఇక నా నోటి సంగతి మీకు తెలిసిందే. తెల్ల కారు వచ్చింది. బెంగళూరు వ్యాపారి వచ్చాడు. వదినకు అక్కడ రెండంతస్తుల ఇల్లు అమరింది. దానికి నీలం గేటు పెట్టాను. గేటు పక్కన పంజరంలో రెండు చిలకలను పెట్టాను, అవి వచ్చినవాళ్లను కన్నడంలో తిట్టేట్టు చేశాను. ఆమెకు ధర్మవరం పట్టుచీరలు కట్టాను. కావలసినప్పుడు నిద్రపోయేటట్టు, కావలసింది వండుకొని తినేటట్టు, ఆ ఇంట్లో ఆమె మీద చెయ్యెత్తేవాళ్లు ఎవరూ లేకుండా చూశాను. చెప్పగా చెప్పగా నాకే నమ్మకం కుదిరింది. అబద్ధమే, కానీ ఆమెకు నేను కట్టివ్వగలిగిన ఇల్లు అదొకటే.

పోయిన ఆడదానికి మా ఊళ్లలో కథ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఒకామె లారీ డ్రైవరుతో పోయిందన్నారు. ఇంకొకామెకు దేవుడు పూని కొండ ఎక్కిపోయిందన్నారు. నా చిన్నప్పుడు ఒకామె నీళ్లకు పోయి బావిలో పడిందన్నారు. ఆ ఏడు ఆ బావిలో నీళ్లు లేవు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. కథ బాగుంటే ఎవరు అడుగుతారు? నా కథ అన్నిటికంటే బాగుండింది.

పసుపుపచ్చ రవిక మాత్రం నా ట్రంకుపెట్టెలో ఉండిపోయింది, ఆకుపచ్చదాని పక్కనే. బొత్తాల కోసం పెట్టె తెరిచినప్పుడల్లా చేతికి తగిలేది. పెట్టె మూసేసి మెషిన్ దగ్గరికి వచ్చి, చిలకలకు ఇంకో తిట్టు నేర్పేదాన్ని.

పోయిన ఏడాది, వానల తర్వాత, ఒక అమ్మాయి దుకాణానికి వచ్చింది. భుజాన సంచి, కాళ్లకు బూట్లు. ఏం కుట్టాలని అడిగితే సమాధానం చెప్పకుండా పోయి బీరువా పక్క మూలలో కూర్చుంది. అప్పుడు గుర్తుపట్టాను. బెంగళూరులో రెడీమేడ్ బట్టల కంపెనీలో పని చేస్తోందట. అక్కడ కూడా మా వైపువాళ్లు కనబడితే వజ్రం దొరికినామె కూతురంటారట, మీ అమ్మ నీకేమీ పంపలేదా అని అడుగుతారట. ఇవన్నీ చెప్పి, అసలు సంగతికి వచ్చింది.

"ఆ నీలం గేటు ఇల్లు యాడుండాదత్తా? ఏరియా పేరు చెప్పు, సాలు."

నా కాలు పెడల్ మీద ఆగిపోయింది.

ఏడు ఆదివారాలు వెతికిందట. నీలం గేట్లు చాలా కనిపించాయట. చిలకలున్న ఇండ్లు మాత్రం రెండే. ఒక ఇంట్లో ముసలామె లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి, ఎవరు కావాలని అడిగిందట. ఈ పిల్ల ఖాళీ గ్లాసు అక్కడ పెట్టి వచ్చేసిందట.

"కనపడితే ఏం జేస్తావు పాపా?" అన్నాను.

"కొట్లాడల్ల. నన్నిడిసిపెట్టి సిలకల్ని సాక్కుంటాంది గదా. అది అడగల్ల."

నా జన్మలో నోరు పెగలకపోవడం అదే మొదటిసారి. ఎవరైనా చూసి ఉంటే బుగ్గలో రాయి ఉందనుకునేవాళ్లు.

లేచి తలుపు దగ్గరగా వేశాను. చెప్పాను. గేటు లేదని, చిలకలు లేవని, కారు, వ్యాపారి, మేడ అన్నీ నేను కుట్టినవేనని. ఆ రోజు బుగ్గలో ఉన్నది రాయి కాదని, అది దెబ్బకు లేచిన వాపని, నాకు తెలిసే ఆ మాట అన్నానని. పెట్టె తెరిచి పసుపుపచ్చ రవిక తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

"ఆది రవిక ఇడిసిపెట్టి ఏ ఆడదీ ఊరు దాటదు. నిన్నిడిసిపెట్టి పోయిందని యెట్ల నమ్మితిమో మేము."

ఆమె ఏడవలేదు. రవికను మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"నీ నోట్లో మన్నుబడ," అంది.

పడాల్సిందే అన్నాను. ఇంకా చాలా అంది. అన్నీ నాకు చెందవలసినవే కాబట్టి ఒక్కటీ తిప్పి పంపలేదు. తిట్టడం అయ్యాక ముఖం కడుక్కొని, సంచి భుజాన వేసుకొని, స్టేషన్‌కు పద అంది.

స్టేషన్‌లో హెడ్డు కానిస్టేబులు నాకు తెలిసినవాడే. అతని భార్య రవికలు నేనే కుడతాను. మేము చెప్పింది మొత్తం విని, కలం కింద పెట్టాడు.

"అక్కా, కోడి కత చెప్పింది నువ్వే గదా?"

"నేనే."

"అల్లునిది?"

"అదీ నేనే."

"మరి ఇది?"

"ఇది కత గాదన్నా. కతయితే ఇంత సప్పగా చెప్పను."

అతను కలం మళ్లీ చేతికి తీసుకున్నాడు. పదకొండేళ్లయింది కదక్కా అన్నాడు, కోపంగా కాదు, అలసటగా. తర్వాత కాగితం ముందుకు లాక్కొని మనిషి ఆనవాళ్లు అడిగాడు. ఫోటో లేదు. రేషన్ కార్డు నకలులో ఆమె ముఖం నల్ల మరకలాగా ఉంది. ఎత్తు ఎంత, పుట్టుమచ్చలు ఏవైనా ఉన్నాయా అని అడిగితే కూతురు చెయ్యి గాల్లోకి ఎత్తి చూపబోయి దించేసింది. ఎనిమిదేళ్ల పిల్లకు అమ్మ ఎత్తు ఎంతని తెలుస్తుంది? గాజుల చప్పుడు గుర్తుందని చెప్పింది. గాజుల చప్పుడు ఎట్లా రాసుకోవాలో హెడ్డుకు తెలియలేదు.

నేను మెడలోని టేపు తీశాను. బయలుదేరిన తొందరలో అది మెడలోనే ఉండిపోయింది. రవికను బల్ల మీద పరిచి కొలిచి చెప్పాను. ఛాతి ముప్పై రెండు. నడుము ఇరవై ఎనిమిది. చెయ్యి పొడవు పది. ఎడమ భుజం కుడిదాని కంటే అర అంగుళం దిగువ. ఎడమ చంకన బిందె మోసి మోసి అట్లా వాలిపోయింది, అందుకని ఆ పక్క కుట్టు దించి వేసేదాన్ని. భుజం దగ్గర కుట్టును రెండుసార్లు వెనక్కి తిప్పి ముడి వేయడం నా చేతి గుర్తు, ఈ చుట్టుపక్కల ఇంకెవరూ అట్లా వేయరు. హెడ్డు తల ఎత్తకుండా మొత్తం రాసుకున్నాడు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కొలతల్లో నేనెన్నడూ అబద్ధమాడలేదు. ఆడితే రవిక పట్టదు.

రవికను అక్కడే ఉంచుకుంటామన్నారు. ఇచ్చే ముందు కూతురు నా టేపు అడిగి తీసుకొని తనే మళ్లీ కొలిచింది. ఫోనులో "అమ్మ" అని రాసి, నంబరు ఉండవలసిన చోట ఆ అంకెలు ఎక్కించుకుంది.

ఆ తర్వాత ఏమైందంటే, పెద్దగా ఏమీ కాలేదు. ఆమె భర్తను నల్లమాడ వైపు పట్టుకొని అడిగారు. బుగ్గలో రాయి అన్నాడట, ఊరంతా చూశారన్నాడట. నా మాట పదకొండేళ్లుగా ఆయన నోట్లో అరగకుండా ఉంది. ఆయనే ఏమైనా చేశాడని నేను చెప్పను. నేను చూసింది ఒక బుగ్గను మాత్రమే. ఆనాటి ఏడుగురిలో ఇద్దరు స్టేషన్‌కు వచ్చి అది దెబ్బేనని చెప్పారు. మిగతావాళ్లు రాయేనన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఒకామె ఆ రాయి పెదవుల సందున మెరిసిందని కూడా చెప్పింది, పాపం. మెరుపు నేను పెట్టిందే.

ఇప్పుడు దుకాణంలో ఎవరైనా వజ్రం వదిన కథ అడిగితే, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. ఇది అంత బాగలేదంటారు. బాగలేదు, నిజమే. ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చినా, బొత్తాం కోసం వచ్చినా, అది విన్నాకే గుడ్డ చేతికిస్తున్నాను.

ఎక్కడైనా పాత బావిలోనో, గుట్ట కిందో ఆడమనిషి బట్టలు దొరికితే హెడ్డు ఫోను చేస్తాడు. ఇప్పటికి మూడుసార్లు పిలిచాడు. కూతురు బెంగళూరు నుంచి వస్తుంది, ఇద్దరం కలిసి పోతాం. నేను కళ్లజోడు పెట్టుకొని భుజాల కుట్టు చూస్తాను. రెండు భుజాలూ సమంగా ఉంటాయి. కాదు అంటాను. ఆ పిల్ల ఊపిరి వదులుతుంది. ఆ గుడ్డ మీద వేరే ఎవరి చేతి కుట్టో ఉంటుంది. ఆ గుడ్డ తొడిగినామెకూ ఎక్కడో ఒక దర్జీ ఉండే ఉంటుంది, ఆ దర్జీ దగ్గర ఇంకో రవిక ఉండే ఉంటుందని అనుకుంటూ బయటికి వస్తాను.

మూడోసారి పోయినెలలో పోయాం. బస్టాండులో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆ పిల్ల బజ్జీలో మిరపకాయ తీసి నా ఆకులో పడేసింది. నన్ను ఇంకా క్షమించలేదు, కానీ మిరపకాయలు నాకే వేస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఎండిన చెనక్కాయ చేలు చూస్తూ, ఈ మబ్బులు ఇంత దూరం వచ్చి ఎందుకు కురవవత్తా అని అడిగింది. బళ్ళారి దాకానే టికెట్టు అని చెప్పాను. కండక్టరు సంగతి, కునుకు తీసిన మబ్బు సంగతి కూడా చెప్పాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. ఈ పిల్ల ముఖంలో ఏమీ కదల్లేదు. సరే, నా కథలంటే ఇంక పడదులే అనుకొని కళ్లు మూసుకున్నాను.

రెండు స్టాపులు దాటాక పక్క నుంచి కిసుక్కుమని వినిపించింది.

కళ్లు తెరిచాను. ఏమిటట్లా చూస్తావంది. మీ అమ్మ నవ్వు కూడా ఇట్లాగే రెండు స్టాపులు ఆలస్యంగా వచ్చేదని చెప్పాను. నిజమా అబద్ధమా అన్నట్టు నా ముఖంలోకి చాలాసేపు చూసింది, భుజం కుట్టు చూసినట్టు. తర్వాత ఫోను తీసి, అమ్మ అని ఉన్నచోట, అంకెల కింద ఇంకో వరస రాసుకుంది. కళ్లజోడు సంచిలో ఉంది కాబట్టి ఏం రాసిందో నాకు కనబడలేదు. కనబడిందని చెప్పి ఒక మంచి మాట నేనే పెట్టొచ్చు. పెట్టను.